క్యాపెక్స్ ఖర్చంతా మంచిదేనా? రెవెన్యూ ఖర్చంతా దుబారాయేనా?

పద్దుల మనిషి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా నా పని రోజూ బడ్జెట్ పద్దులతోనే. ఈమధ్య టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. ప్రభుత్వం రోడ్లకు, రైళ్లకు, ప్రాజెక్టులకు పెడితే అది క్యాపెక్స్, అంటే మూలధన వ్యయం, కాబట్టి పెట్టుబడి. జీతాలకు, మరమ్మతులకు, పథకాలకు పెడితే అది రెవెన్యూ ఖర్చు, కాబట్టి వృథా. ఈ మాట మీద కొంచెం లోతుగా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ముందు అంకెలు చూద్దాం. కేంద్రం మూలధన వ్యయం 2019-20లో సుమారు 3.36 లక్షల కోట్లు. 2024-25 బడ్జెట్‌లో 11.11 లక్షల కోట్లు చూపించారు, జీడీపీలో 3.4 శాతం. 2025-26 బడ్జెట్‌లో 11.21 లక్షల కోట్లు. అంటే బడ్జెట్ అంకెల్లో మూడింతలు దాటింది. ఇందులోనే రాష్ట్రాలకు 50 ఏళ్ల వడ్డీలేని అప్పు కూడా ఉంది. అది 2020-21లో 12 వేల కోట్లతో మొదలై, 2024-25 బడ్జెట్ నాటికి లక్షన్నర కోట్లకు పెరిగింది.

ఇంత పెట్టుబడి పెట్టేది ఎందుకు? పనిచేసే మనిషి అదే కష్టానికి ఎక్కువ ఉత్పత్తి చేయగలగాలని, తన కూలి పెరగాలని. కానీ అధికారిక కార్మిక సర్వే ప్రకారం 2018-19లో పనిచేసేవాళ్లలో 42.5 శాతం మంది వ్యవసాయంలో ఉంటే, 2023-24లో 46.1 శాతం ఉన్నారు. దేశ ఉత్పత్తిలో వ్యవసాయం వాటా సుమారు 18 శాతమే. దాదాపు సగం మంది, ఐదో వంతు కూడా లేని ఆదాయాన్ని పంచుకుంటున్నారు. కోవిడ్‌లో ఊళ్లకు వెళ్లినవాళ్లలో చాలామంది మళ్లీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి రాలేదు.

నా ఉద్దేశం ఇది. ఖర్చు మంచిదో చెడ్డదో పద్దు పేరు చెప్పదు. టీచరు జీతం 2202 పద్దులో, రెవెన్యూ. అదే బడికి ప్రహరీగోడ కడితే 4202, క్యాపిటల్. గోడ పెట్టుబడి, పాఠం ఖర్చు అయిపోయింది! ఆ రూపాయి ఎవరి పనికి ఉన్న ఏ అడ్డు తీసింది, ఎన్నేళ్లు తీసి ఉంచింది అన్నది చూడాలంటాను. మీ మీ పనుల్లో చూసింది రాయండి.

బాలానగర్ షాపు

సార్, నాకు పద్దులు తెలియవు, షాపు తెలుసు. బాలానగర్‌లో మాది చిన్న మెషినింగ్ షాపు, జాబ్ వర్క్ చేస్తాం.

2012 నాటి పవర్ హాలిడేలు గుర్తున్నాయా? పరిశ్రమలకు వారంలో కొన్ని రోజులు కరెంటే ఉండేది కాదు. ఉన్న రోజుల్లోనూ సాయంత్రం వేళ వాడుకోవడానికి ఆంక్షలు. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) మీద జాబ్ తిరుగుతుండగా కరెంటు పోతే ఏమవుతుందో బయటివాళ్లకు తెలియదు. స్పిండిల్ ఆగిపోతుంది, టూల్ మెటల్‌లోనే ఉండిపోతుంది. ఇన్సర్ట్ విరిగితే పోనీ అనుకోవచ్చు, పీసు మీద గాటు పడితే అది స్క్రాపే. ఖరీదైన అల్లాయ్ అయితే ఆ పూట సంపాదన పోయినట్టే. కరెంటు వచ్చాక మెషిన్‌ని మళ్లీ జీరోకి తెచ్చుకుని, ఆఫ్‌సెట్లు చూసుకుని, మొదటి పీసు కొలతలు సరిచూసుకుని మొదలుపెట్టాలి. డీజిల్ జనరేటర్ మీద నడిపితే యూనిట్ ఖర్చు లైను కరెంటుకి రెండు మూడింతలు. కుర్రాళ్లు షిఫ్టంతా కూర్చునే ఉండేవాళ్లు. వాళ్ల జీతం ఆపలేం కదా. అవే మెషిన్లు, అదే నైపుణ్యం, చేతికొచ్చే పని మాత్రం సగం.

అప్పట్లో దేశంలో వేరే చోట్ల కరెంటు దొరికే రోజుల్లోనూ మన దాకా రావడానికి దారి ఇరుకు. దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి లేదు. తాల్చేరు–కోలార్ లైను, గాజువాక, భద్రావతి లింకుల ద్వారా వచ్చినంతే. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను ఛార్జ్ చేశాక దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. తర్వాత వార్ధా–డిచ్‌పల్లి–మహేశ్వరం లైను వచ్చింది. కొత్త థర్మల్ స్టేషన్లు, సోలార్ కూడా వచ్చాయి కాబట్టి అంతా ఆ ఒక్క లైను పుణ్యమే అనను. కానీ లైనే లేకపోతే ఎక్కడో తయారైన కరెంటు మా షాపుకి అందేది కాదు.

నాకు ప్రభుత్వం చేతికి ఒక్క రూపాయి ఇవ్వలేదు. అయినా నా షాపు ఉత్పాదకత పెరిగింది. అందుకే ప్రభుత్వ పెట్టుబడి అంటే నాకు గౌరవం.

సుధ_ఎకో

బాలానగర్ అన్నగారూ, మా విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మీరు చెప్పినది అడ్డంకి తీసే పెట్టుబడి. ఆ లైను మీద పెట్టిన రూపాయి వేల షాపుల్లో అప్పటికే ఉన్న మెషిన్లను పనిలోకి తెచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ప్రభుత్వం తరచూ చెప్పే గుణకం (రూపాయి ఖర్చుకు జీడీపీ ఎంత పెరుగుతుందనే అంకె) 2.45. మూలధన వ్యయం ఒక రూపాయి పెరిగితే జీడీపీ 2.45 రూపాయలు పెరుగుతుందని, రెవెన్యూ ఖర్చు అయితే రూపాయికి రూపాయి కూడా రాదని. దీని మూలం ఎన్ఐపీఎఫ్‌పీ అనే ఆర్థిక పరిశోధన సంస్థ వాళ్ల 2013 నాటి పత్రం. అందులో బదిలీ చెల్లింపులకు 0.98, ఇతర రెవెన్యూ ఖర్చుకు 0.99 ఉన్నాయి. తప్పుపట్టాల్సిన పని కాదు అది. కానీ అది గతమంతటి మీద కట్టిన సగటు. రేపు కట్టబోయే ఫలానా ఫ్లైఓవరుకు 2.45 వస్తుందని దాని అర్థం కాదు.

ఇంకొకటి. గుణకం చెప్పేది ప్రధానంగా ఖర్చు చేతులు మారుతూ పెంచే గిరాకీ గురించి. సిమెంటు అమ్ముడుపోతుంది, కూలి అందుతుంది, కూలివాడు బియ్యం కొంటాడు. ఉత్పాదకత అసలు కథ కాంట్రాక్టరు సామాను సర్దుకుని వెళ్లిపోయాక మొదలవుతుంది. వాహనాలు తిరగని రోడ్డు వేసినా మొదటి సంవత్సరం గుణకంలో కనబడుతుంది. పదేళ్ల తర్వాత ఉత్పాదకతలో కనబడదు. మన చర్చల్లో ఈ రెండూ కలిసిపోతున్నాయి.

వరంగల్ కుర్రాడు

మేడమ్, ఒక డౌట్. గ్రూప్స్‌కి చదువుతున్నా. ప్రభుత్వం పెడితే వెనకాలే ప్రైవేటు పెట్టుబడి వస్తుందని పుస్తకాల్లో ఉంది. మరి 2019 సెప్టెంబర్‌లో కార్పొరేట్ పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు, ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకున్నామన్నారు. బ్యాంకుల మొండి బాకీలు 2018లో 11 శాతం దాటినవి ఇప్పుడు 3 శాతం లోపే. కంపెనీల దగ్గర డబ్బుంది, బ్యాంకుల దగ్గర డబ్బుంది. ఇంకా ఎందుకు వెనకాడుతున్నారు?

సుధ_ఎకో

తమ్ముడూ, రిజర్వ్ బ్యాంకు సర్వేలో ఫ్యాక్టరీల సామర్థ్య వినియోగం చాలాకాలంగా 75 శాతం చుట్టూ తిరుగుతోంది. ఉన్న మెషిన్లలో పావు వంతు ఖాళీగా ఉంటే కొత్తది ఎవరు కొంటారు? పన్ను తగ్గిస్తే లాభం మిగులుతుంది, సరుకు కొనేవాడు రాడు. కంపెనీలు ఆ మిగులుతో ముందు అప్పులు తీర్చుకున్నాయి. పెద్దవాళ్ల మాట ఇది. చిన్న షాపుల సంగతి అన్నగారే చెప్పాలి.

బాలానగర్ షాపు

చెప్తాను మేడమ్. ఒక వీఎంసీ మెషిన్ (సీఎన్‌సీలోనే ఒక రకం) కొనాలని చాలాకాలంగా ఉంది. కరెంటు బాగుంది, రోడ్డు బాగుంది, బ్యాంకు లోన్ ఇస్తానంటోంది. కొనలేకపోతున్నది ఎందుకంటే చేసిన పనికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియక. సరుకు పంపుతాం, ఇన్‌స్పెక్షన్ అంటారు, తర్వాత బిల్లు ప్రాసెస్‌లో ఉందంటారు. మా డబ్బు వాళ్ల దగ్గర నెలలు నెలలు ఉండిపోతుంది. ఈఎంఐ మాత్రం నెల తిరిగేసరికి కట్టాలి. ఆ టెన్షన్‌తో కొత్త మెషిన్ ఎవరు దించుకుంటారు?

చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించకపోతే కొన్నవాడికి ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఆ ఖర్చు చూపుకునే వీలు లేకుండా 43బి(హెచ్) తెచ్చారు, 2024 ఏప్రిల్ నుంచి. మంచి పని. కానీ ఆర్డరు ఇచ్చేవాడితో గొడవ పెట్టుకుంటే మళ్లీ ఆర్డరు రాదన్న భయం మాకు ఎప్పుడూ ఉంటుంది. ప్రభుత్వ రంగ కొనుగోలుదారులు గడువులోగా చెల్లిస్తే చాలు. దానికి బడ్జెట్‌లో కొత్త పద్దు కూడా అక్కర్లేదు.

ఒహాయో తెలుగు

ఇక్కడి అనుభవం ఒకటి పంచుకుంటాను. 1989లో డేవిడ్ ఆషౌర్ అనే ఆర్థికవేత్త, అమెరికాలో ఉత్పాదకత మందగించడానికి ప్రభుత్వ పెట్టుబడి తగ్గడమే పెద్ద కారణమని రాశాడు. పెద్ద చర్చ జరిగింది. పదేళ్ల తర్వాత 1999లో జాన్ ఫెర్నాల్డ్ రోడ్ల మీద ఒక పత్రం రాశాడు. 1956 చట్టంతో మొదలైన ఇంటర్‌స్టేట్ హైవేలు లారీలు, వాహనాలు ఎక్కువ వాడే పరిశ్రమల ఉత్పాదకతను నిజంగానే బాగా పెంచాయి. కానీ 1973 తర్వాత వేసిన రోడ్లకు అంత ప్రత్యేకమైన లాభం కనబడలేదు. మొదటి నెట్‌వర్క్ ఇచ్చిన లాభం, దాని పక్కనే రెండోది వేస్తే రాదు.

మన నగరాల్లో ఔటర్ మీద ఔటర్, ఫ్లైఓవర్ మీద ఫ్లైఓవర్ చూసినప్పుడల్లా నాకు ఆ పత్రమే గుర్తొస్తుంది.

సుధ_ఎకో

కారు రోడ్ల విషయంలో ఒప్పుకుంటాను ఒహాయో గారూ. సరుకు రవాణాలో మాత్రం మనకు ఇంకా మొదటి నెట్‌వర్కే పూర్తి కాలేదు. పాత లైన్ల మీద గూడ్సు రైలు సగటు వేగం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోయింది. ప్యాసింజరుకు దారి ఇస్తూ లూప్ లైన్లో పడి ఉంటుంది కాబట్టి. లూధియానా–సోన్‌నగర్ 1,337 కిలోమీటర్ల తూర్పు కారిడార్, దాద్రీ నుంచి ముంబయి పక్కన జేఎన్‌పీటీ దాకా 1,506 కిలోమీటర్ల పశ్చిమ కారిడార్ గూడ్సుకే ప్రత్యేకం. మన వైపు రావలసిన ఖరగ్‌పూర్–విజయవాడ, ఇటార్సీ–విజయవాడ కారిడార్లు ప్రతిపాదన దశ దాటలేదు. నన్నడిగితే తెలుగు రాష్ట్రాల ఎంపీలందరూ కలిసి పట్టుబట్టాల్సినది వీటి కోసం.

రిటైర్డ్ ఈఈ

ఆలస్యంగా వచ్చాను. నీటిపారుదల శాఖలో సర్వీసంతా గడిపి ఈఈగా, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా రిటైరైనవాణ్ణి. పద్దుల మనిషి గారు బడి ప్రహరీ గురించి రాసింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా శాఖలో అదే కథ 2700, 4700 పద్దుల మధ్య జరుగుతుంది.

కొత్త ప్రాజెక్టు కడితే 4700, భారీ నీటిపారుదల మూలధన వ్యయం. కట్టిన ప్రాజెక్టును కాపాడుకునే ఖర్చు 2700, రెవెన్యూ. ఆర్థిక శాఖలో రెవెన్యూ లోటు తగ్గించమని ఒత్తిడి వచ్చినప్పుడల్లా మొదట కోత పడేది అక్కడే. జీతాలు ఆపలేరు, పింఛన్లు ఆపలేరు, వడ్డీ ఆపలేరు. గ్రీజు ఆపగలరు.

గ్రీజు అంటే చిన్నమాట అనుకోకండి. డ్యాం మీద వరద నీరు వదిలే క్రస్ట్ గేటు టన్నుల బరువుండే ఉక్కు పలక. వైర్ రోపు మీదో గొలుసు మీదో అది లేస్తుంది, దిగుతుంది. ఏటా వానాకాలానికి ముందు ఆ రోపు తుడిచి, తెగిన పోగులు చూసి, గ్రీజు పట్టించాలి. పక్కల రబ్బరు సీళ్లు మార్చాలి. గేరు బాక్సులో నూనె చూడాలి. గేటును పూర్తిగా ఎత్తి దించి చూడాలి. స్టాప్‌లాగులు (గేటు బదులు నీటిని ఆపడానికి దించే పలకలు) సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూడాలి. ఇదంతా చూసుకునేది వర్క్ ఇన్‌స్పెక్టర్లు, ఫిట్టర్లు, లస్కర్లు. కాలువ గట్టు మీద నడుచుకుంటూ ఎక్కడ ఎలుక బొరియ పడింది, ఎక్కడ జాలు వస్తోంది అని చూసే మనిషి లస్కరు. రిటైరైన లస్కరు స్థానంలో కొత్తవాణ్ణి వేయకపోతే ఆ పొదుపు బడ్జెట్‌లో అందంగా కనబడుతుంది. గట్టుకు మాత్రం కాపలా పోతుంది.

ఫలితం మీరంతా చూసిందే. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు కొట్టుకుపోయింది. అదే ఏడాది నవంబర్ 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ల మీద పడింది. 2022 ఆగస్టులో గుండ్లకమ్మ గేటు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ తర్వాత మూడు వారాలకే బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది. అదే వానకు సాగర్ ఎడమ కాలువకు నడిగూడెం మండలంలో గండి పడింది. ఒక్కోదానికి కారణం ఒక్కోటి. వరద కూడా అసాధారణమే. కానీ పాతబడ్డ ఇనుముకు, మట్టికి ఏటా చేయాల్సిన సేవ తక్కువైతే అసాధారణ వరదను తట్టుకునే శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది?

తుంగభద్ర సంగతి కొంచెం చెప్పాలి. 1953 నాటి డ్యాం, 33 గేట్లు. జలాశయం నిండుగా ఉన్నప్పుడు ఒక గేటు పోయింది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తాల్సి వచ్చింది. కర్నూలు, అనంతపురం రైతులు పైరు కోసం ఎదురుచూస్తున్న నీరు పదుల టీఎంసీలు నదిలోకి పోయింది. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యంలో, పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు ఒక్కొక్కటిగా దించి వారం రోజుల్లో ఆపారు. మా వృత్తిలో అంతటి సాహసం అరుదు. వాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఒక గొలుసు ఖరీదెంత, ఆ నీటితో పండాల్సిన పంట ఖరీదెంత? ఆ గొలుసు మార్చడానికి పెట్టే ఖర్చు రెవెన్యూ కాబట్టి వృథా అని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

పద్దుల మనిషి

ఈఈ గారూ, ఇది నేను కాగితం మీద ఏటా చూస్తుంటాను. మొదటి త్రైమాసికంలో విడుదల కావాల్సిన నిర్వహణ నిధులు ఏడాది చివర్లో వస్తాయి. వేసవిలో చేయాల్సిన పూడికతీతకు మంజూరు వచ్చేసరికి కాలువలో నీళ్లుంటాయి.

సిద్దిపేట రైతుబిడ్డ

ఈఈ సార్, మీరు నిర్వహణ గురించి రాసింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా. కానీ ఇలాంటి చర్చల్లో చివరికి అందరూ కాళేశ్వరాన్ని తిట్టడానికే వస్తరు, అందుకే ముందే చెప్తున్నా. మా నాయిన బోర్ల మీద బోర్లేసి అప్పులపాలైన మనిషి. ఇప్పుడు రంగనాయకసాగర్, మల్లన్నసాగర్ వచ్చినంక మా దిక్కు బోర్లల్ల నీళ్లున్నయి. చెరువులు నిండినయి. ఇది ఉత్పాదకత కాదా? హైదరాబాదుల ఫ్లైఓవర్లకు పెట్టిన పైసలకంటే మా ఊరికి పెట్టిన పైసలే ఎక్కువ పని చేసినయని నా నమ్మకం.

రిటైర్డ్ ఈఈ

బాబూ, మీ నాన్నగారి కష్టం నాకు తెలుసు. ఆ జిల్లాల్లో పనిచేసినవాణ్ణే. మీ ఊళ్లో నీళ్లు నిజం. వాటి విలువ తక్కువ చేయను. ప్రశ్న వేరు. అదే నీరు ఇంకా తక్కువ ఖర్చుతో వచ్చే దారి ఉందా, ఈ దారిని ఎన్నేళ్లు నడపగలం?

2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక చూడండి. ప్రాజెక్టు మొత్తం ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటొచ్చని, కొత్త ఆయకట్టు లెక్కన చూస్తే ఎకరాకు 6.42 లక్షలు పడుతుందని రాశారు. రూపాయి ఖర్చుకు 1.51 ప్రయోజనం వస్తుందని ప్రభుత్వం చూపించింది, కాగ్ లెక్కలో 0.52 తేలింది. అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది కరెంటు. పూర్తి స్థాయిలో నడిపితే ఏటా 10 వేల కోట్లకు పైగా కరెంటు ఖర్చు. కొత్త ఆయకట్టు 18 లక్షల ఎకరాలు, స్థిరీకరించేది మరో 18 లక్షలు అన్నారు. రెండూ కలిపి భాగించినా ఎకరాకు ఏటా 28 వేల దాకా వస్తుంది. ఎకరాకు 25 క్వింటాళ్ల వడ్లు పండితే, 2024-25 మద్దతు ధర 2,300 చొప్పున రైతుకు మొత్తం వచ్చేదే 57,500. అందులో సగం డబ్బు, నీళ్లను అర కిలోమీటరుకు పైగా ఎత్తుకు ఎక్కించడానికే పోతే మిగిలేదేముంది?

ఇంకొకటి. 2023 అక్టోబర్ 21న కాళేశ్వరంలో భాగమైన మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు (స్తంభాలు) కుంగాయి. బ్యారేజీ కట్టి నాలుగేళ్లు దాటింది అంతే. తొందరపాటుకు, డిజైన్‌కు, పర్యవేక్షణకు ఎవరెంత బాధ్యులో తేల్చడం విచారణల పని. నేను చెప్పేది ఒకటే. మీ మల్లన్నసాగర్ లాంటి జలాశయాలు మంచి ఆస్తులు. ఎల్లంపల్లి నుంచో శ్రీరాంసాగర్ వరద నుంచో వాటిని నింపుకోవచ్చు. వాటిని నింపి, చివరి డిస్ట్రిబ్యూటరీలు తవ్వి, పొలంలోకి తూము పెడితే ఇప్పటికే పెట్టిన డబ్బు ఫలిస్తుంది. పంపుహౌసు ఫొటోకు బాగుంటుంది. మైనరు కాలువకు ఫొటో ఉండదు, అందుకే అది ఆగిపోతుంది.

సిద్దిపేట రైతుబిడ్డ

సార్, కరెంటు లెక్క ఇంత వివరంగా ఎవరూ చెప్పలే. పిల్లకాలువల విషయం మాత్రం మీరన్నది నిజం, మా పక్క ఊరికే ఇంకా తవ్వలే. మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీసి పొలాలకు పోసుకున్నం. దానికి పెట్టింది తక్కువ, వచ్చింది ఎక్కువ. అది కూడా రాయాల్సింది సార్.

రిటైర్డ్ ఈఈ

తప్పకుండా. 2015లో మొదలైంది, 46 వేలకు పైగా చెరువులు లెక్కలోకి తీసుకున్నారు. నీరు పొలం పక్కనే, ఎత్తిపోసే ఖర్చు లేదు, పూడిక మట్టి ఎరువు. నా దృష్టిలో ఈ పదేళ్లలో రూపాయికి ఎక్కువ ఫలం ఇచ్చిన పనుల్లో అదొకటి. ఇప్పుడు ఆ చెరువుల్లో మళ్లీ పూడిక చేరుతోంది. రెండో విడత సేవ ఎవరు చేస్తారన్నదే నా బెంగ.

జీడిమెట్ల లక్ష్మి

అందరూ పెద్ద ప్రాజెక్టుల గురించి మాట్లాడుతున్నారు, నాది చిన్న మాట. నేను ప్యాకింగ్ సెక్షన్లో పనిచేస్తాను. ఇదివరకు ఇంటికి దగ్గర్లో ఉన్న యూనిట్‌కి నడిచి వెళ్లేదాన్ని, జీతం తక్కువైనా సరే. దూరంలో మంచి జీతం ఇచ్చేవాళ్లున్నా రెండు బస్సులు, ఒక ఆటో ఖర్చు పోతే మిగిలేది అంతే అని వెళ్లలేదు. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి ఉచిత బస్సు వచ్చాక ఆధార్ చూపించి జీరో టికెట్ మీద ఆ దూరం యూనిట్‌కే వెళ్తున్నాను. అక్కడ ఆటోమేటిక్ లైన్ మీద పని. నేర్పించారు, జీతం పెరిగింది.

టీవీలో దీన్ని ఉచితాలు అంటున్నారు. నా మటుకు నాకు అది మంచి మెషిన్ దగ్గరికి వెళ్లే దారి. ఒకటే కోరిక, షిఫ్టు వదిలే టైముకి బస్సులు పెంచితే చాలు. నిలబడి వచ్చే ఓపిక రోజూ ఉండదు.

సుధ_ఎకో

లక్ష్మి గారూ, ఇది చిన్న మాట కాదండీ. ఉన్న పనిమంతులు ఎక్కువ ఉత్పత్తి వచ్చే చోటికి చేరడం ఉత్పాదకత పెరిగే ముఖ్యమైన దారుల్లో ఒకటి. కొత్త రోడ్డు వేసినా అదే పని చేస్తుంది. అందరికీ ఇలాగే జరిగిందని నేను చెప్పలేను, ఊరికే తిరిగే ప్రయాణాలు కూడా ఉంటాయి. ఆ పథకానికి అయ్యే డబ్బులో కొంత కొత్త బస్సుల మీద పెట్టకపోతే మీలాంటివాళ్లే ముందు మానుకుంటారు. ఇక్కడ రెవెన్యూ ఖర్చు ఫలించాలంటే క్యాపిటల్ ఖర్చు కావాలి. ఈఈ గారి గేటు దగ్గర దానికి తిరగబడ్డ కథ.

వరంగల్ కుర్రాడు

మరి అప్పు చేసి కట్టొచ్చా, కట్టకూడదా? 50 ఏళ్ల వడ్డీలేని అప్పు అంటే ఉత్తినే ఇచ్చినట్టేనా?

పద్దుల మనిషి

లెక్క కట్టి చూద్దాం. ప్రభుత్వం బయట 7 శాతానికి అప్పు తెస్తుందనుకో. ఏడు శాతం చొప్పున 50 ఏళ్లకు రూపాయి 29 రూపాయలకు పైగా అవుతుంది. అంటే 50 ఏళ్ల తర్వాత తిరిగి కట్టాల్సిన 100 రూపాయల విలువ ఈ రోజు 3 రూపాయల 40 పైసలే. రాష్ట్రానికి అది దాదాపు గ్రాంటే. కానీ ఆ డబ్బు కేంద్రానికి వడ్డీ లేకుండా రాదు, అది మనందరి మీద పడేదే. పైగా కొంత భాగాన్ని ఫలానా సంస్కరణలు చేస్తేనే ఇస్తామని ముడిపెట్టారు.

నేను చూసే ప్రమాదం వేరే ఉంది. కేంద్రం ఇచ్చింది కదా అని రాష్ట్రం తన సొంత పెట్టుబడి అంతమేరా తగ్గించుకుంటే మొత్తం పెరగదు. రోడ్డు అదే, పైసలిచ్చిన చేయి మారింది.

అప్పు చేసి కట్టొచ్చా అంటే కట్టొచ్చు, త్వరగా పూర్తయ్యేదైతే. వడ్డీ మొదటి రోజు నుంచి నడుస్తుంది, నీరు చివరి రోజున వస్తుంది. పోలవరం చూడు. 194 టీఎంసీల జలాశయం, 960 మెగావాట్ల జలవిద్యుత్తు, కానీ 2019, 2020 వరదల తర్వాత దెబ్బతిన్న డయాఫ్రం వాల్ (డ్యాం కింద నీరు ఊరకుండా భూమిలో కట్టే గోడ) స్థానంలో కొత్తది 2025 జనవరిలో మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆలస్యమైన ప్రతి ఏడాదీ పెట్టుబడి అలాగే ఉండి ఫలం వెనక్కి జరుగుతుంది.

రిటైర్డ్ ఈఈ

ఆలస్యానికి ఇంకో కారణం బిల్లులు. పనిచేసి, ఎం బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు ఎక్కాక కూడా బిల్లు పాస్ కాకపోతే కాంట్రాక్టరు పని నెమ్మది చేస్తాడు. తర్వాతి టెండరులో ఆ వడ్డీ కూడా కలిపి కోట్ చేస్తాడు. బాలానగర్ గారి బాధ, కాంట్రాక్టరు బాధ ఒకటే. ప్రభుత్వం ఒకేసారి వంద పనులకు శంకుస్థాపన చేయడం మాని, చేతిలో ఉన్న పనులకు ఏడాదికి సరిపడా డబ్బు ముందే పక్కన పెడితే అదే బడ్జెట్‌తో ఎక్కువ పనులు పూర్తవుతాయి. ఈ మాట సర్వీసులో ఉన్నప్పుడు ప్రతి సమీక్షలోనూ చెప్పాను.

నాగాయలంక శివారు

ఈఈ గారికి నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో శివారు ఆయకట్టు. నీటి తీరువా కడుతున్నాం, నీరు మాత్రం అందరి తర్వాత వస్తుంది. కాలువ నిండా గుర్రపుడెక్క, తూటికాడ. అడిగితే నిధులు లేవంటారు. మా మైనరు కాలువకు అసలు డబ్బు వచ్చిందో లేదో తెలుసుకునే దారి ఉందా?

రిటైర్డ్ ఈఈ

ఉంది. మీ డివిజన్ ఈఈ ఆఫీసులో ప్రజా సమాచార అధికారికి 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఊరికే "నిధులు ఎంత" అని అడక్కండి, డివిజన్ మొత్తానికి ఒక అంకె రాసి పంపేస్తారు. మీ మైనరు పేరు, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకానో రాసి, గత మూడేళ్లలో నిర్వహణకు అంచనా ఎంత వేశారు, ఎంత మంజూరైంది, ఏ తేదీన పని మొదలైంది, ఎం బుక్‌లో ఆ పేజీల నకలు ఇవ్వమని అడగండి. గుర్రపుడెక్క తీసినట్టు రాసిన తేదీకి కాలువలో నీళ్లున్నాయా లేదా మీకే తెలుసు.

రెండోది, 1997 చట్టం ప్రకారం ఏర్పడిన మీ నీటి సంఘం. 2024 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగాయి కాబట్టి ఇప్పుడు ఎన్నికైన అధ్యక్షుడు ఉంటాడు. తీరువాలో సంఘానికి రావాల్సిన వాటా వచ్చిందో లేదో సర్వసభ్య సమావేశంలో లిఖితపూర్వకంగా అడగండి, మినిట్స్‌లో రాయించండి. జవాబు వచ్చాక ఇక్కడ పెట్టండి, అంచనాలో ఏ ఐటెమ్ ఏమిటో నేను చదివి చెప్తాను. కాలువలకు నీళ్లు ఆపేసే లోపు దరఖాస్తు పెడితే వేసవి పనుల జాబితాలోకి ఎక్కించడానికి వ్యవధి ఉంటుంది.